‘అంతరిక్షం నుంచి వింత సిగ్నల్’ అని వార్త వస్తే ఏం చూడాలి, డాబా మీద మీరే ఒకటి ఎలా పట్టాలి

నెలకో రెండు నెలలకో ఒకసారి ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. అంతరిక్షం నుంచి వింత సిగ్నల్, శాస్త్రవేత్తలకే అంతుచిక్కలేదట, గ్రహాంతరవాసులేనా అని. తెరిస్తే పది నిమిషాల వీడియో, అందులో సగం మ్యూజిక్కే. నిజమేనా అని మనల్ని అడుగుతారు. అంతా ఉత్తదే అని కొట్టిపారేయడం తేలికే కానీ అది కూడా సరైన జవాబు కాదు, ఎందుకంటే ఈ సిగ్నళ్లలో చాలావరకు నిజంగానే టెలిస్కోపుకి చిక్కినవి. అది ఆకాశంలోంచి వచ్చిందా, పక్కగదిలోంచి వచ్చిందా అన్నదే తేలాలి. దాన్ని తేల్చే పద్ధతులు ఏమంత రహస్యం కాదు, ఇంటర్ చదివిన ఎవరికైనా అర్థమవుతాయి. ముందు అవి చెప్తాను, తర్వాత అదే పద్ధతితో మన డాబా మీద పాలపుంత సిగ్నల్ పట్టడం ఎలాగో చెప్తాను. లాప్‌టాప్ ఉంటే చాలు, మిగతా ఖర్చు పదివేలకు అటూఇటూగా ఉంటుంది.

సిగ్నల్ దేని వెంట నడుస్తోంది?

అన్నిటికంటే ముందు వేయాల్సిన ప్రశ్న ఇది. చాలా వీడియోల్లో అసలు వినపడనిది కూడా ఇదే.

నక్షత్రాలతో పోల్చి చూస్తే భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు పట్టదు, 23 గంటల 56 నిమిషాలే. అందుకే ఏ నక్షత్రమైనా రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తుంది. ఇవాళ రాత్రి పదింటికి నడినెత్తిన ఉన్న చుక్క నెల తర్వాత ఎనిమిదింటికే అక్కడుంటుంది. మనుషుల పనులు మాత్రం గోడ గడియారం ప్రకారం నడుస్తాయి, ఆఫీసు పదింటికంటే పదింటికే. కాబట్టి ఒక సిగ్నల్ రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంటే అది నక్షత్రాల వెంట నడుస్తోందన్నమాట. రోజూ ఒకే టైముకి వస్తుంటే దాన్ని భూమ్మీదే వెతకాలి.

రేడియో ఖగోళశాస్త్రం పుట్టిందే ఈ నాలుగు నిమిషాల దగ్గర. 1930ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరుకి ఒక పని అప్పగించారు, సముద్రాలు దాటే రేడియో ఫోన్లలో గరగర ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టమని. ఆయన 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక పెద్ద యాంటెన్నా కట్టి తిప్పుతూ విన్నాడు. ఉరుముల శబ్దాలు పోగా సన్నగా, ఎడతెగకుండా ఒక హోరు మిగిలింది. మొదట సూర్యుడేమో అనుకున్నాడు, కానీ నెలలు గడిచేకొద్దీ అది సూర్యుణ్ణి వదిలేసి రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరిగిపోయింది. 1933లో చెప్పేశాడు, ఇది పాలపుంత నుంచి వస్తోంది, ధనుస్సు రాశి వైపు ఎక్కువగా ఉంది అని.

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని కూడా ఈ లెక్కతోనే మొదలుపెట్టింది. మీటర్ల కొద్దీ కాగితం మీద పెన్ను గీసిన గీతల్లో ఒకచోట చిన్న గజిబిజి కనిపించింది. అది నక్షత్రాల టైముకే వస్తోంది. దగ్గరగా చూస్తే 1.337 సెకన్లకో పల్సు, తూచినట్టు. ప్రకృతిలో ఇంత కచ్చితంగా కొట్టేది ఏముంటుందని సరదాగా దానికి ‘చిన్న ఆకుపచ్చ మనుషులు’ అని పేరు కూడా పెట్టుకున్నారు. తర్వాత వాళ్లు చేసినదే మనం నేర్చుకోవాల్సింది. ఎవరైనా ఒక గ్రహం మీద కూర్చుని పంపుతుంటే ఆ గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కదా, ఆ కదలికకి పల్సుల మధ్య ఎడం కొంచెం కొంచెం మారాలి. చూస్తే భూమి కదలిక వల్ల వచ్చే తేడా తప్ప ఇంకేమీ లేదు. ఆ డిసెంబర్లోనే ఆకాశంలో పూర్తిగా వేరే దిక్కున అలాంటిదే ఇంకోటి దొరికింది. రెండు వేర్వేరు నాగరికతలు ఒకే టైములో, ఒకే రకంగా మనకే సిగ్నల్ పంపడం నమ్మేలా లేదు. అవి గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు, ఇప్పుడు పల్సార్లు అంటున్నాం. 1974లో నోబెల్ వచ్చింది, ఆమె గైడుకి, ఇంకో ప్రొఫెసరుకి. ఆమెకి రాలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, సరే, అది వేరే సంగతి.

గోడ గడియారం వైపు ఉదాహరణ కావాలంటే ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు. అక్కడ 1998 నుంచి అప్పుడప్పుడూ చిన్న మెరుపుల్లాంటి సిగ్నళ్లు పడేవి, వాటికి పెరిటాన్లు అని పేరు. దూరం నుంచి వచ్చే సిగ్నల్‌కి ఉండే లక్షణాలు చాలానే వీటికీ ఉన్నాయి, కానీ పగలు పనిచేసే వేళల్లోనే వచ్చేవి. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం గుట్టు విప్పింది. టైమర్ అయ్యేదాకా ఆగకుండా మైక్రోవేవ్ ఓవెన్ తలుపు లాగేసినప్పుడు, ఆగిపోయే ఆ క్షణంలో బయటకి చిమ్మిన రేడియో తరంగాలవి. అంతే. ఎవరో అన్నం వేడిచేసుకున్నారు.

రెండోసారి వచ్చిందా, రెండో చెవికి వినపడిందా?

ఈ ప్రశ్న దగ్గర అందరూ తెచ్చేది 1977 నాటి ‘వావ్’ సిగ్నల్. ఆగస్టు 15న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల బిగ్ ఇయర్ టెలిస్కోపుకి 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గట్టి సిగ్నల్ తగిలింది. కొన్ని రోజుల తర్వాత జెర్రీ ఏమన్ ప్రింటవుట్ చూస్తూ ‘6ఈక్యూయూజే5’ అన్న వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి పక్కన ‘వావ్’ అని రాశాడు. దాన్ని రహస్య సందేశం అనుకుని డీకోడ్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ వీడియోలు చూడగానే మూసేయండి. అవి అక్షరాలు కావు, సిగ్నల్ బలం. 1 నుంచి 9 దాకా అంకెలు, ఆపైన బలం పెరిగితే అంకె చాలక ఇంగ్లిష్ అక్షరాలు వాడారు. ‘యూ’ అంటే వెనకాల ఉండే మామూలు హోరుకి ముప్పై రెట్లన్నమాట. 12 సెకన్లకో కొలత, ఆరు కొలతలు, మొత్తం 72 సెకన్లు.

ఆ 72 సెకన్లే దీన్ని ఇన్నాళ్లు బతికించాయి. బిగ్ ఇయర్ కదలదు, భూమి తిరుగుతుంటే ఆకాశమే దాని ముందునుంచి సాగిపోతుంది. ఆకాశంలో నిలకడగా ఉన్న ఒక చుక్క దాని చూపులోకి వచ్చి, మధ్యకి చేరి, దాటిపోవడానికి సరిగ్గా అంతే పడుతుంది. సిగ్నల్ కూడా అలాగే పెరిగి తగ్గింది. అంటే మన మొదటి ప్రశ్నకి ఇది పాసయింది. రెండో ప్రశ్న దగ్గర ఫెయిలయింది. బిగ్ ఇయర్‌కి రెండు చెవులు, ఒకే చుక్క రెండిటి ముందునుంచీ మూడు నిమిషాల తేడాతో పోవాలి. సిగ్నల్ ఒక్కదానికే తగిలింది. ఆ తర్వాత అదే చోటుని ఎన్నోసార్లు వెతికారు, మళ్లీ రాలేదు. టెలిస్కోపుని 1998లో పడగొట్టేశారు, ఆ స్థలం గోల్ఫ్ వాళ్లకి పోయింది. కాబట్టి ఎవరైనా ‘వావ్ సిగ్నల్ ఏలియన్లదే’ అన్నా, ‘కాదని తేలిపోయింది’ అన్నా ఇద్దరినీ నమ్మకండి. ఒక్కసారి వచ్చిపోయిన దాని మీద తీర్పు చెప్పడానికి చేతిలో సరుకు లేదు.

మళ్లీ మళ్లీ వస్తే ఏలియన్లేనా అంటే అదీ కాదు. 2007లో డంకన్ లోరిమర్ బృందం పార్క్స్ పాత రికార్డుల్లో 2001 నాటి ఒక మెరుపుని పట్టుకుంది, అయిదు మిల్లీసెకన్లు కూడా లేదు. వీటినే ఫాస్ట్ రేడియో బరస్టులు, పొట్టిగా ఎఫ్‌ఆర్‌బీలు అంటారు. ఓవెన్ గొడవ జరిగాక ఇవీ అంతేనా అని చాలామంది అనుమానించారు, న్యాయమే. తర్వాత ఎఫ్‌ఆర్‌బీ 121102 ఒకే చోటునుంచి పదే పదే రావడంతో దాని ఇంటి అడ్రసు దొరికింది, దాదాపు 300 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న గెలాక్సీ. ఇంకొకటి 16 రోజులకో విడత లెక్కన వస్తుంది, వార్తల్లో ‘16 రోజులకోసారి పిలుస్తున్నారు’ అని వచ్చేది దాని గురించే. 2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే ఉన్న ఒక మాగ్నెటార్, అంటే విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న న్యూట్రాన్ నక్షత్రం, అచ్చం ఇలాంటి మెరుపే విసిరింది. అన్ని ఎఫ్‌ఆర్‌బీలూ వాటివేనా అన్నది ఇంకా నడుస్తున్న చర్చ, కానీ దీని తర్వాత గ్రహాంతర వివరణ అవసరం బాగా తగ్గిపోయింది.

సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా?

పల్సార్లు, ఎఫ్‌ఆర్‌బీలు వందల మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటాయి. ప్రకృతి అంతే, సన్నగా గీత గీయడం దానికి పెద్దగా చేతకాదు. రేడియో స్టేషన్, రాడార్, ఉపగ్రహం లాంటివి మాత్రం కొన్ని హెర్ట్జ్ వెడల్పులో కూడా పంపగలవు. అందుకే గ్రహాంతరవాసుల కోసం వెతికేవాళ్లు సన్నటి గీతల వెంట పడతారు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళశాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్‌లో టౌ సెటై, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు డిష్ తిప్పి మొదలుపెట్టింది కూడా ఇదే పని. చిక్కేమిటంటే ఇప్పటిదాకా ఎక్కడివో తేలిన సన్నటి గీతలన్నీ మనవే.

వార్తలో ఫ్రీక్వెన్సీ రాశారేమో చూడండి. చాలాసార్లు ఆ ఒక్క అంకెతోనే కథ తేలిపోతుంది. 1420 మెగాహెర్ట్జ్ అంటే హైడ్రోజన్, విశ్వమంతా ఉండేదే. 2023 జనవరిలో మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు పట్టిన సిగ్నల్ గురించి వార్తలొచ్చాయి, 880 కోట్ల ఏళ్ల నాటిది అని. దాన్ని కూడా ఏలియన్ల ముచ్చటగా తిప్పినవాళ్లున్నారు. నిజానికి అది చాలా దూరపు గెలాక్సీలోని హైడ్రోజన్, విశ్వం వ్యాకోచించడం వల్ల ఫ్రీక్వెన్సీ సగానికి పైగా పడిపోయి మనకి చేరింది. మధ్యలో ఉన్న ఇంకో గెలాక్సీ దాని వెలుగుని వంచి భూతద్దంలా పెద్దది చేయబట్టి దొరికింది. ఏలియన్లకంటే ఇదే నాకు ఎక్కువ ఆశ్చర్యం.

2025లో 3ఐ అట్లస్ తోకచుక్క నుంచి ‘రేడియో సిగ్నల్’ అన్న వార్త గుర్తుందా? దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ టెలిస్కోపు చూసింది 1665, 1667 మెగాహెర్ట్జ్ గీతల్ని. ఇవి ఎండకి నీటి అణువు విరిగితే మిగిలే ఓహెచ్‌కి చెందినవి. పైగా అది పంపిన సిగ్నల్ కాదు, వెనకనుంచి వస్తున్న దాన్ని మింగేయడం వల్ల పడిన పల్లం. వార్తలో ‘శోషణ’ అన్న మాట కనిపిస్తే అక్కడితో సగం టెన్షన్ వదిలేయొచ్చు.

డిష్ పక్కకి తిప్పితే పోయిందా?

ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. దీన్నీ దాటుకుని వచ్చి అందర్నీ కాసేపు ఊపేసిన సిగ్నల్ ఒకటుంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

2019 ఏప్రిల్, మే నెలల్లో పార్క్స్ టెలిస్కోపుని సూర్యుడి తర్వాత మనకి అత్యంత దగ్గరి నక్షత్రం, 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారి వైపు పెట్టారు. పద్ధతి ఏమిటంటే కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కకి, మళ్లీ నక్షత్రం వైపు. నక్షత్రం నుంచే వచ్చేదైతే పక్కకి తిప్పగానే మాయమవ్వాలి, మన సెల్ టవర్‌దో ఉపగ్రహానిదో అయితే రెండు వైపులా కనిపిస్తుంది. మరుసటి ఏడాది, గ్రహాంతరవాసుల సిగ్నళ్లు వెతికే బ్రేక్‌త్రూ లిజన్ ప్రాజెక్టులో ఇంటర్న్‌గా ఉన్న ఒక కుర్రాడు ఆ డేటా జల్లెడ పడుతుంటే 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి గీత మిగిలింది. నక్షత్రం వైపు చూసినప్పుడే ఉంది, తిప్పితే లేదు. ఫ్రీక్వెన్సీ మెల్లగా జరుగుతోంది కూడా, అంటే పంపే వస్తువుకీ మనకీ మధ్య కదలిక ఉన్నట్టు. అయిదు గంటల పాటు ఉంది. దానికి బీఎల్‌సీ1 అని పేరు పెట్టారు. 2020 డిసెంబర్లో పరిశోధన పేపరు ఇంకా రాయకముందే సంగతి బయటకి పొక్కింది, ఇక చూస్కోండి.

సోఫియా షేఖ్ బృందం చేసింది చాలా ఓపిక పని. ఆ ఒక్క గీతని తదేకంగా చూడటం మానేసి, అదే డేటాలో మిగతా ఫ్రీక్వెన్సీల దగ్గర ఇలాగే కదిలే గీతలు ఇంకేమైనా ఉన్నాయా అని వెతికారు. డజన్ల కొద్దీ దొరికాయి. అవన్నీ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో వాడే గడియారపు ఫ్రీక్వెన్సీలతో లెక్క కలిసేంత దూరాల్లో ఉన్నాయి, వాటిలో కొన్ని డిష్ పక్కకి తిప్పినప్పుడూ ఉన్నాయి. అంటే భూమ్మీది పరికరాల్లో ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించిన పిల్ల సిగ్నలే బీఎల్‌సీ1, అది ఆగి మొదలయ్యే టైము మాత్రం డిష్ తిప్పిన టైముతో యాదృచ్ఛికంగా కలిసింది. 2021 అక్టోబర్లో పేపర్లు వచ్చాయి. పొక్కినప్పుడు షేర్ చేసినవాళ్లలో ఆ పేపర్ల గురించి షేర్ చేసినవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇందులోంచి ఇంకో అలవాటు చేసుకోండి, తేదీ చూడటం. పొక్కిన వార్తకీ పేపరుకీ మధ్య నెలలు పడుతుంది, ఆ మధ్యకాలంలోనే గోల ఎక్కువ. రష్యా రాటాన్ టెలిస్కోపు పట్టిందని 2016లో వార్తల్లోకొచ్చిన సిగ్నల్, 2022లో చైనా ఫాస్ట్ టెలిస్కోపు గురించి వచ్చి వెంటనే తీసేసిన వార్త, రెండూ భూమ్మీది రేడియో గోల దగ్గరే ఆగిపోయాయి. వాటి వీడియోలు ఇప్పటికీ కొత్తవాటిలా తిరుగుతున్నాయి.

ఇక డాబా మీదకి

ఏలియన్లని పట్టడం మన డాబా మీద అవ్వదు, కానీ పాలపుంతలోని హైడ్రోజన్‌ని పట్టొచ్చు. పైన చెప్పిన పరీక్షలన్నీ దాని మీద మీరే చేసి చూడొచ్చు.

కావాల్సినవి: ఒక ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న రేడియో. ఆన్‌లైన్లో దొరుకుతుంది, బయాస్ టీ ఉన్న మోడలే తీసుకోండి, కేబుల్ గుండానే యాంప్లిఫయర్‌కి కరెంటు పంపడానికి అది కావాలి. 1420 మెగాహెర్ట్జ్ కోసమే చేసిన ఫిల్టర్‌తో కూడిన యాంప్లిఫయర్. దీని దగ్గర పిసినారితనం వద్దు, ఇది లేకపోతే ఊళ్లోని సెల్ టవర్లు తప్ప ఇంకేం వినపడవు. మిగిలింది యాంటెన్నా, అది ఇంట్లోనే చేసుకోవచ్చు.

15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి రేకు డబ్బా సంపాదించండి, పొడవు 28 సెంటీమీటర్ల దాకా ఉండాలి, ఒకటి చాలకపోతే ఇంకో డబ్బా అడుగు కోసి దానికి అతికించండి. 1420 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. వ్యాసం 12.5కి తగ్గితే అది లోపలికే రాదు, 16 దాటితే వేరే రకాల తరంగాలు కూడా దూరతాయి, కాబట్టి ఇక్కడ ‘సుమారుగా’ అనొద్దు. మూసి ఉన్న అడుగునుంచి 9 సెంటీమీటర్ల పైన పక్కగోడకి రంధ్రం చేసి కనెక్టర్ బిగించి, లోపలికి 5 సెంటీమీటర్ల రాగితీగ నిలబెట్టండి. అది గోడకి తగలకూడదు. డబ్బా నోటికి అట్టపెట్టె ముక్కలతో ఒక గరాటు కట్టండి, బయటి నోరు 60 సెంటీమీటర్లు ఉండేలా, లోపలంతా వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించండి. ఫాయిల్ డబ్బా రేకుకి గట్టిగా తగులుతూ ఉండాలి, గెలుపంతా ఆ అతుకు దగ్గరే ఉంది. యాంప్లిఫయర్‌ని కనెక్టర్‌కి ఆనించి పెట్టండి, కేబుల్ దాని తర్వాతే. ముందు కేబుల్ లాగి చివర్లో యాంప్లిఫయర్ పెడితే సిగ్నల్ దార్లోనే చచ్చిపోతుంది. కేబుల్ టీవీ వాళ్ల పాత ఆరడుగుల జాలీ డిష్ దొరికితే ఇంకా మంచిది, ఈ డబ్బానే గరాటు లేకుండా దాని ముందు పెట్టుకోవచ్చు. చిన్న డీటీహెచ్ డిష్‌తో కుస్తీ పట్టకండి, ఈ తరంగానికి అది మరీ చిన్నది.

యాంటెన్నా తగిలించే ముందు డాంగిల్‌ని దాంతోపాటు వచ్చే చిన్న ఏరియల్‌తో ఒకసారి పరీక్షించుకోండి. హైదరాబాద్‌లో ఉంటే 101.9లో ఎఫ్‌ఎం రెయిన్‌బో పెట్టి చూడండి, వేరే ఊరైతే మీ స్టేషన్. తర్వాత 1090 మెగాహెర్ట్జ్‌కి పోతే పైన పోయే విమానాల చిన్న చిన్న పల్సులు కనిపిస్తాయి. ఇవి రెండూ వస్తే డాంగిల్ బాగున్నట్టే.

ఇప్పుడు డాంగిల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లో 1420.4 మెగాహెర్ట్జ్ మధ్యలో పెట్టి, శాంపుల్ రేటు 2.4 మెగాశాంపుల్స్ ఇవ్వండి. గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగు, ఆటోమేటిక్‌లో ఉంచొద్దు, చేత్తో పెట్టి ఇక ముట్టుకోవద్దు, లేకపోతే ఈ కొలతకీ ఆ కొలతకీ పోలికే ఉండదు. యావరేజింగ్ అయిదు నిమిషాల దాకా పెంచండి. హైడ్రోజన్ వినపడేంత గట్టిగా ఉండదు, హోరులో హోరు అది, కూడబెడితేనే పైకి తేలుతుంది. ముందు పాలపుంత లేని దిక్కుకి పెట్టి ఒక కొలత దాచుకోండి, తర్వాత పాలపుంత వైపు కొలిచి దాంట్లోంచి తీసేయండి. మిగిలే చిన్న గుట్టే మీ సిగ్నల్.

పాలపుంత ఎప్పుడు ఎక్కడుంటుంది? మన తెలుగు ప్రాంతం ఈ విషయంలో అదృష్టవంతం. గరాటుని నిటారుగా పైకి పెట్టి వదిలేస్తే చాలు. ఆగస్టు మూడో వారంలో రాత్రి పదింటికి శ్రవణ నక్షత్రం నడినెత్తికి కొంచెం దక్షిణంగా ఉంటుంది, ఆ వేళకి పాలపుంత సరిగ్గా మీ డాబా మీదుగా పోతుంది. జనవరి మూడో వారంలో అదే పదింటికి ఆరుద్ర నక్షత్రానికి ఉత్తరంగా పాలపుంత ఇంకో పక్క వస్తుంది. రెండూ కొలిచి పోల్చండి. ఆగస్టు గుట్ట వెడల్పుగా ఉంటుంది, ఎందుకంటే అటువైపు వేర్వేరు వేగాలతో తిరిగే మేఘాలు కనిపిస్తాయి. సెకనుకి ఒక కిలోమీటరు వేగానికి ఫ్రీక్వెన్సీ 4.7 కిలోహెర్ట్జ్ మారుతుంది, లెక్క మీరే వేసుకోవచ్చు. జనవరిలో మనం చూసేది గెలాక్సీ కేంద్రానికి వ్యతిరేక దిక్కు, అక్కడి మేఘాలు చాలావరకు మన చూపుకి అడ్డంగా కదులుతాయి, అందుకే గుట్ట సన్నగా ఉంటుంది.

ఆగస్టు కదా, వానాకాలం, మబ్బులు పట్టవా అంటారేమో. 21 సెంటీమీటర్లకి మబ్బు అడ్డం కాదు, వెన్నెల కూడా అడ్డం కాదు. అట్టపెట్టె తడిస్తే మాత్రం పోయినట్టే, ప్లాస్టిక్ షీటు కప్పండి. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేసి కిందకి దిగిపోండి, ఇందులో వాదన లేదు.

వచ్చింది నిజంగా ఆకాశానిదేనా?

మొదటిరోజు తెర మీద గీతలే గీతలు కనిపిస్తాయి. కంగారు పడకుండా ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోండి. యాంటెన్నా కేబుల్ పీకేసినా ఉన్న గీత మీ డాంగిల్‌దో లాప్‌టాప్‌దో. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, కొన్ని మాయమవుతాయి. తర్వాత ఇన్వర్టర్, ఎల్‌ఈడీ బల్బులు, వైఫై రూటర్, సీసీ కెమెరా, ఒక్కొక్కటీ ఆపి చూడండి. పక్కింటివాళ్లని మెయిన్ ఆపమని అడగలేం కాబట్టి అక్కడినుంచి గడియారమే దిక్కు. టైము రాసుకోండి. గుట్ట శిఖరం ఎప్పుడొచ్చిందో ఇవాళ రాసి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ రాయండి. గంట ముందుగా వస్తే అది జాన్‌స్కీ విన్నదే, పాలపుంత. కరెక్టుగా అదే టైముకొస్తే వీధిలో ఎవరి మోటారో చూసుకోండి. గరాటు చూపు ఇరవై అయిదు డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి శిఖరం రెండు గంటల పాటు మెల్లగా ఎక్కి దిగుతుంది. టక్కున వచ్చి టక్కున పోయేది హైడ్రోజన్ కాదు.

1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ప్రపంచమంతా రేడియో ఖగోళానికి కేటాయించిన పట్టీ, అక్కడ ఎవరూ ప్రసారం చేయకూడదు. అయినా చవక ఎలక్ట్రానిక్స్ కారుస్తూనే ఉంటాయి.

మరి నిజంగానే ఏదీ కలవని, సన్నటి, జరిగే గీత ఒకటి కనిపించిందనుకోండి. రికార్డు చేయండి, స్క్రీన్‌షాట్ కాదు, అసలు డేటా ఫైలు. భారత కాలమానంతో పాటు యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము, గరాటు దిక్కు, గెయిన్ రాసిపెట్టండి. తర్వాత గరాటుని నేలకి తిప్పి చూడండి, ఇంకా ఉందంటే సంగతి తేలిపోయింది. పోతే వేరే ఊళ్లో ఇలాంటి సెటప్ ఉన్నవాళ్లని అదే వేళకి అదే దిక్కు చూడమనండి. ఎస్‌డీఆర్ వాళ్లు, సరదాకి లైసెన్సుతో రేడియో నడిపే హామ్ రేడియో వాళ్లు ఇలాంటి అడిగితే సంబరంగా చేస్తారు. గ్రహాంతర సిగ్నళ్ల కోసం వెతికే శాస్త్రవేత్తలు 1989లో రాసుకున్న నియమాల వరుస కూడా దాదాపు ఇదే: ముందు స్వతంత్రంగా ఇంకొకరు నిర్ధారించాలి, ఆ తర్వాత ప్రపంచానికి బహిరంగంగా చెప్పాలి, అంతర్జాతీయంగా మాట్లాడుకోకుండా ఎవరూ జవాబు పంపకూడదు. జవాబు సంగతి మన డాంగిల్‌తో భయం లేదు, అది వినడమే తప్ప పంపలేదు.

పెద్దవాటిని కళ్లారా చూడాలనుంటే పుణె–నాసిక్ రోడ్డులో నారాయణ్‌గావ్ దగ్గర ఖోడద్‌లో జీఎంఆర్‌టీ ఉంది, గోవింద్ స్వరూప్ ఆధ్వర్యంలో కట్టినది, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి అక్కడ జనం కోసం ప్రదర్శన పెడతారు. వెళ్తే ఫోన్ ఎందుకు ఆపమంటారో ఈపాటికి మీకే తెలుసు.